చివరి వరస ఎక్కడుంది?

కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువు పట్టుబడి రోజున గట్టు మీద లెక్క ఎలా నడుస్తుందో చాలామందికి తెలుసు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు, కౌంటును బట్టి రేటు. కాటా దగ్గర రాసిన చీటీలన్నీ సాయంత్రానికి ఆఫీసులో ఎక్సెల్ షీటు ఎక్కుతాయి. ఒకరోజు 41 చీటీలు, మర్నాడు 44, వాన పడితే పన్నెండు. ఏ రోజూ ఒకే లెక్క ఉండదు.

అలాంటి ఓ కొనుగోలు ఆఫీసులో పనిచేసే ఫ్రెండ్ కోసం నేనో మాక్రో చేసిచ్చాను. రికార్డ్ బటన్ నొక్కి, మౌస్‌తో డేటా లాగి, పేమెంట్ షీట్‌లో పేస్ట్ చేసి ఆపేశా. రెండు నిమిషాల పని. బీటెక్ చదివినోడిని కదా, కాలర్ కూడా ఎగరేశా. ఆ రోజు 41 చీటీలు. మాక్రో నేర్చుకున్నది కూడా అదే: ఏ2 నుంచి హెచ్42 దాకా. మర్నాడు 44 వచ్చాయి. చివరి ముగ్గురు రైతులు పేమెంట్ షీట్‌లో లేరు. ఎర్రర్ రాలేదు, ఎర్ర గుర్తు పడలేదు. మేత బాకీ కట్టాల్సిన ఒకాయన నాలుగో రోజు ఫోన్ చేసి ‘నా చీటీ ఏమైంది బాబూ’ అని అడిగేదాకా ఎవరికీ తెలియదు. తప్పు ఎక్సెల్‌ది కాదు, నాది.

ఇది పల్లెటూరి ఆఫీసు సమస్య అనుకోకండి. ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్ 2010లో దేశాల అప్పులు, వృద్ధి మీద పేరుమోసిన పేపర్ రాశారు. అందులో సగటు తీసిన ఫార్ములా 49వ వరస దాకా వెళ్లాల్సింది 44 దగ్గరే ఆగింది. ఐదు దేశాలు లెక్కలోంచి జారిపోయాయి. 2013లో దాన్ని బయటపెట్టింది మసాచుసెట్స్ యూనివర్సిటీ విద్యార్థి థామస్ హెర్న్‌డన్. అది మాక్రో కాదు, మామూలు ఫార్ములా. కానీ జబ్బు అదే.

మందు చిన్నదే. కంట్రోల్ పట్టుకుని కింది బాణం నొక్కితే డేటా చివరికి వెళ్తుందని అందరూ చెబుతారు. కానీ మన గుమాస్తాలు ఊరికీ ఊరికీ మధ్య ఒక వరస ఖాళీ వదులుతారు. ఇంతేరు చీటీలయ్యాక ఓ ఖాళీ, తర్వాత చినగొల్లపాలెం. కింది బాణం ఆ ఖాళీ దగ్గరే ఆగిపోతుంది. అందుకే షీటు అట్టడుగు వరసకు, అంటే 10,48,576కు వెళ్లి అక్కణ్నుంచి పైకి రావాలి. వీబీఏలో ‘ఎండ్ ఎక్స్ఎల్‌అప్’ చేసేది అదే. మొదట తగిలిన నిండు గడే చివరి వరస. అయితే ఏ కాలమ్‌లో వెతుకుతున్నారో చూసుకోండి. చీటీ నంబర్ కాలమ్ ఎప్పుడూ నిండుగా ఉంటుంది, రిమార్కుల కాలమ్ ఉండదు. ఫిల్టర్ పెట్టి ఉంటే ముందు తీసేయాలి. కింద ‘మొత్తం’ అనే వరస ఉంటే అది కూడా ఓ రైతై కూర్చుంటుంది!

ఇంకో గొయ్యి ఉంది, నేను దాంట్లోనూ పడ్డాను. పొడవు సరిచేశాక ఓ రోజు 38 చీటీలే వచ్చాయి. నిన్నటి 44 మీద 38 పేస్టయ్యాయి, అడుగున ఆరు పాత పేర్లు అలాగే మిగిలాయి. అంటే ఆరుగురికి రెండోసారి డబ్బులు. పేస్ట్ చేసే ముందు పాతది తుడిచేయడం మర్చిపోయాను.

మా కాలేజీలో నాలుగేళ్లు జావా చెప్పారు, ఎక్సెల్ ఒక్క రోజూ చెప్పలేదు. కానీ ఆక్వా ప్లాంటైనా, రైస్ మిల్లైనా, మచిలీపట్నంలో ఆడిటర్ ఆఫీసైనా మొదటి ఉద్యోగంలో చేతికిచ్చేది ఎక్సెలే. ఇప్పుడు కోడ్ ఏఐ రాసిస్తోంది, మంచిదే. కానీ మధ్యలో ఖాళీ వరసలున్నాయనీ, రేపు చీటీలు పెరుగుతాయనీ దానికి చెప్పాల్సింది మనమే. అది తెలిసినోడినే నేనైతే ఉద్యోగంలోకి తీసుకుంటా, సర్టిఫికెట్లు తర్వాత చూస్తా.

మా ఫ్రెండ్ ఫైల్లో ఇప్పుడు కాపీ అయ్యాక ఓ చిన్న మెసేజ్ వస్తుంది: చీటీలు 44, ఎక్కినవి 44, రెండు షీట్లలో కిలోలు సమానం. అంకెలు కలవకపోతే మాక్రో అక్కడే ఆగిపోతుంది. అయినా మా వాడు వేలు పెట్టి చివరి పేరు ఓసారి చూసుకున్నాకే ప్రింట్ తీస్తాడు.