లారీ నీళ్లు తాగదు

లారీ సంగతులు ఆడవాళ్లకెందుకు, పొయ్యి సంగతి చూసుకుంటే చాలదా అనే మాట అనంతపురం సీమలో లారీ ఉన్న ఏ ఇంట్లోనైనా వినబడేదే. గుత్తి అయినా అంతే, తాడిపత్రి అయినా అంతే. సరే, పొయ్యి సంగతే చూసుకుందాం. కానీ ఆ లారీ కొన్ననాడు కుదువకు పోయింది ఎవరి మెడలోని గొలుసు? వాయిదా తప్పినప్పుడు డ్వాక్రా సంఘంలో సంతకం పెట్టి అప్పు తెచ్చింది ఎవరు? ఆర్‌సీ పుస్తకంలో ఇల్లాలి పేరున్న బండ్లు ఎన్ని లేవు! ముందు అద్దం మీద పెద్దక్షరాలతో రాయించేది కూతురి పేరు. పేరు మనది, బంగారం మనది, అప్పు మనది. ఇంజను దగ్గరికొచ్చేసరికి మాత్రం "నీకేం తెలుసు?"

సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మెట్టసీమ మనది. శెనక్కాయ పంట ఎప్పుడు చేతికొస్తుందో ఎప్పుడు ఎండిపోతుందో చెప్పలేని చోట, పొలాన్ని నమ్ముకోలేక పాత లారీని నమ్ముకున్న కుటుంబాలున్నాయి. చీనీకాయలో, కక్కలపల్లి మండీ టమోటాలో, తాడిపత్రి బండలో, సిమెంటు మూటలో, ఏదో ఒకటి ఎత్తుకుని తిరిగితేనే ఇల్లు గడిచేది. కొత్త బండి కొనే స్తోమత ఎందరికుంది? మూడు చేతులు మారి వచ్చిన డీజిల్ బండే దిక్కు. అలాంటి బండి ఎండలో రోడ్డు పక్కన ఆగిందంటే పిల్లవాడి కాలేజీ ఫీజు కూడా అక్కడే ఆగుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. పొద్దున్నే క్లీనర్ పిల్లవాడు వాకిట్లోకి వచ్చి "వదినా, బండికి రెండు బిందెలు నీళ్లియ్యండి" అంటాడు. ఇస్తాం. మర్నాడు మళ్లీ వస్తాడు, మళ్లీ ఇస్తాం. బండి అన్నాక నీళ్లు తాగదా అనుకుంటాం. తాగదు! ఇది మనకెవరూ చెప్పని మాట. డీజిల్ మండి ఖర్చయిపోతుంది. ఇంజను ఆయిల్ కొద్దో గొప్పో తరుగుతుంది. రేడియేటర్లో నీళ్లు మాత్రం ఖర్చయ్యే వస్తువు కాదు. వాటర్ పంపు నెడితే ఇంజను చుట్టూ తిరిగి, ఆ వేడిని మోసుకుని రబ్బరు పైపులోంచి రేడియేటర్‌కొచ్చి, ఫ్యాను గాలికి చల్లబడి, మళ్లీ ఇంజనులోకే పోతాయి. తిరిగేది అవే నీళ్లు. వ్యవస్థ బాగుంటే వారాలు గడిచినా పెద్దగా తగ్గకూడదు. రోజుకో బిందె పోస్తున్నామంటే రోజుకో బిందె ఎక్కడో కారిపోతున్నట్టే. ఇంట్లో తొట్టెకు చిల్లుపడితే ఆ పూటే పట్టేస్తాం గదా, వాకిట్లో ఉన్న ఈ తొట్టెను మాత్రం ఎందుకు అడగం?

ఆ పోసే నీళ్లయినా మంచివా అంటే అదీ లేదు. స్నానాలకు నీళ్లు కాచే కాగు అడుగున తెల్లగా, గట్టిగా పేరుకునే పొర మనందరికీ తెలుసు. చింతపండు వేసి రుద్దినా ఒక పట్టాన పోదు. బోరు నీళ్లలోని ఉప్పులు అవి. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చాక ఈ సీమలో వందలాది పల్లెల్లో మనుషులకు మంచినీళ్ల పైపు వచ్చింది గానీ, లారీకి మాత్రం ఇంకా బోరు నీళ్లే! కాగులో పేరుకున్నట్టే ఇంజను లోపలా, రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ ఆ పొర పేరుకుంటుంది. గొట్టం మూసుకుపోతే నీళ్లు తిరగవు, పొర మందమైతే వేడి దిగదు. వేడి పెరిగితే ఆవిరి ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న చోట, పాత రబ్బరు పైపు దగ్గరో మాటు ఊడిన రేడియేటర్ అతుకు దగ్గరో, తన్నుకుని బయటికొస్తుంది. ఆవిరై పోయేది నీళ్లే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. తగ్గిందని మళ్లీ బోరు నీళ్లు పోస్తాం, మళ్లీ కొత్త ఉప్పు. కారినకొద్దీ పోయడం, పోసినకొద్దీ కారడం. వడ్డీ మీద వడ్డీ లాంటిదే ఇది కూడా.

కారే చోటు కనిపెట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. రాత్రి బండి నిలిపిన చోట, ముందు చక్రాల మధ్య పాత అట్టపెట్టె విప్పి పరిచి, పొద్దున చూడండి. తడి బాగా ముందుకుంటే రేడియేటర్ని అనుమానించాలి. ఫ్యాను వెనక ఉంటే వాటర్ పంపు. పక్కగా ఉంటే పైపులు, వాటి క్లిప్పులు. మన ఎండలకు ఒక చిక్కుంది. వేడి ఇంజను మీద పడ్డ బొట్టు కింద పడేలోపే ఆరిపోతుంది, అట్ట పొడిగానే ఉంటుంది. అప్పుడు వెతకాల్సింది తడి కోసం కాదు, తెల్లటి ఉప్పు చార కోసం. కూలెంటు పోసిన బండైతే పచ్చటిదో ఎర్రటిదో మరక. గోడ మీద చెమ్మ ఆరిన చోట ఉప్పు పొంగినట్టే ఉంటుంది. వాటర్ పంపు అడుగున చిన్న బెజ్జం ఉంటుంది, అందులోంచి కారుతోందంటే పంపు లోపలి సీలు పోయిందని అర్థం. ఆ బెజ్జాన్ని మూసేసి "అయిపోయింది పో" అనే మెకానిక్కు దండం పెట్టి పంపేయాలి. అది ఎదురు తిరిగి బేరింగు పోతుంది.

రేడియేటర్ మూత సంగతి మనకు ఇంకా సులువుగా తెలియాలి, ఎందుకంటే అది కుక్కరే. ఒత్తిడి పెంచితే నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఆగుతాయి. ఒక్కో పౌండు ఒత్తిడికి సుమారు ఒకటిన్నర డిగ్రీ లెక్క. మూతలోని రబ్బరు ఎండిపోతే ఒత్తిడి నిలవదు, ముందుగానే మరిగి పొంగిపోతుంది. కుక్కర్ గ్యాస్కెట్ పోతే మనం మొత్తం కుక్కర్ మార్చం గదా! ఇక్కడా మార్చాల్సింది మూత ఒక్కటే కావచ్చు. మెకానిక్ దగ్గర మూత చోట బిగించి చేత్తో గాలి కొట్టే ప్రెషర్ పంపు ఉంటుంది. ఇంజను ఆపి ఉంచి గాలి కొడితే, ముల్లు నిలబడితే మంచిది, దిగిపోతుంటే కారుతున్నట్టు. ఎక్కడ చిమ్ముతోందో అక్కడికక్కడే కనబడుతుంది. "అన్నా, ప్రెషర్ కొట్టి చూసినారా?" అని ఒక్క మాట అడగండి. ఆ ఒక్క మాటకే ఆయన చూపు మారుతుంది.

రోడ్డు మీద చిన్న చిల్లు పడితే రేడియేటర్లో పసుపు పోసే అలవాటు డ్రైవర్లలో ఉంది. మన వంటింటి పసుపే! ఆ పూటకు చిల్లు మూస్తుంది, ఇల్లు చేరుస్తుంది, కాదనను. కానీ అదే పసుపు సన్నటి గొట్టాల్లోనూ అడ్డం పడుతుంది. కాలిన వేలికి పసుపు అద్దినంత మాత్రాన వైద్యం అయిపోయిందనుకోం గదా.

బయట ఎక్కడా చార లేదు, అయినా నీళ్లు తగ్గుతున్నాయంటే భయపడాలి. లోపల పోతున్నాయన్న మాట. చల్లటి ఇంజను, మూత తీసి స్టార్టు చేస్తే నీళ్లలో ఆగకుండా బుడగలొస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. ఇంజను బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్లోంచి తెల్లటి పొగ ఆగదు. ఆయిల్ పోసే మూత కింద మజ్జిగ కలిపినట్టు జిడ్డు కనబడినా, ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగినా, నీళ్లు ఆయిల్లో కలిసినట్టే. ఆయిల్ కూలర్ ఉన్న బండ్లలో అది చిల్లుపడినా ఇదే గుర్తు. అలాంటి బండిని లోడుకు పంపడమంటే బేరింగులను చేతులారా పాడుచేసుకోవడమే. ఇంకో మోసం ఉంది. నీళ్లు బాగా తగ్గిపోతే వేడిని కొలిచే ముల్లు నీళ్లలో కాక గాలిలో ఉన్నట్టవుతుంది, లోపల ఇంజను కాలిపోతున్నా ముల్లు చల్లగానే చూపించవచ్చు.

రబ్బరు పైపు, క్లిప్పు మార్చడానికి అయ్యేది వందల్లో ఖర్చు. రేడియేటర్ విప్పి, కడిగి, మాటు వేయడం వేలల్లోకి పోతుంది. హెడ్డు వంగి, ఇంజను దించే దాకా వస్తే మన గొలుసు మళ్లీ కుదువకు పోవాల్సిందే. వందల దగ్గర ఆగాల్సింది గొలుసు దాకా ఎందుకు వస్తోంది? మగవాళ్లను ఊరికే తిట్టడం నాకిష్టం లేదు. టమోటా లోడు ఎక్కించి ఉంటుంది, ఒక్క రోజు ఆగితే కుళ్లుతుంది. ఫైనాన్సు వాళ్ల వాయిదా తేదీ దగ్గరపడుతుంది. "ఈ ట్రిప్పు అయిపోనీలే" అంటారు. ఆ ట్రిప్పు తర్వాత ఇంకో ట్రిప్పు ఉంటుంది. మధ్యలో ఆపమని చెప్పగలిగే మనిషి ఇంట్లో ఒకరుండాలి, ఆ మనిషికి సంగతి తెలిసుండాలి. తెలియకుండా "వద్దు" అంటే నస అంటారు, ఉప్పు చార చూపించి "వద్దు" అంటే వినక తప్పదు. అడగడమంటే అనుమానించడమని కొందరికి కోపం వస్తుందట. పాల లెక్క అడిగితే పాలాయనకు రాని కోపం ఇక్కడెందుకు?

చేత్తో స్పానర్ పట్టిన ఆడవాళ్లు లేరా అంటే, ఉన్నారు. ఢిల్లీ సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్లో శాంతీదేవి లారీ టైర్లు విప్పి బాగుచేసిన సంగతి దేశమంతా పత్రికల్లో చదివాం. తెలంగాణలో కొత్తగూడెం దగ్గర సుజాతనగర్లో ఆదిలక్ష్మి కూడా అదే పని చేసి పేరు తెచ్చుకుంది. ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు ఏడాదిది, పది పాసైన మన ఆడపిల్లలు కూడా చేరవచ్చు. అందరూ చేరాలని కాదు నేననేది. బండికి నీళ్లు పోసిన ప్రతిసారీ తేదీ, ఎన్ని చెంబులో పాల పుస్తకం వెనక పేజీలో రాసినా చాలు. నెల తిరిగేసరికి ఆ పేజీ ఏ మెకానిక్ కన్నా ముందే చెబుతుంది.

ఆ క్లీనర్ పిల్లవాడికి కూడా ఒక మాట చెప్పండి, వాడూ ఒక తల్లి బిడ్డే. వేడి మీద మూత తిప్పకూడదు. మరిగే నీళ్లు ఆవిరితో కలిసి మొహాన చిమ్ముతాయి. ఇంజను ఆపి, పై పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాకే గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి. కాలిపోతున్న ఇంజనులో చన్నీళ్లు గుమ్మరించినా హెడ్డు పగులుతుంది.

బాగుచేయించాక మళ్లీ బోరు నీళ్లు పోస్తే చేసిందంతా దండగ. మనకు మంచు పడదు, కూలెంటు ఎందుకనే వాళ్లున్నారు. తుప్పు పట్టకుండా కాపాడేది, మరగడాన్ని ఆలస్యం చేసేది కూడా అదే గనక మనకే ఎక్కువ కావాలి. కంపెనీ చెప్పిన పాళ్లలో, బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయించండి. రెండు రంగులవి కలపనివ్వొద్దు. అయితే అందులో ఉండే గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. మిగిలింది కూల్‌డ్రింకు సీసాలో పోసి కిటికీలో పెట్టే అలవాటు చాలా ఇళ్లల్లో ఉంది. పిల్లలు షర్బత్ అనుకుంటారు. అసలు డబ్బాలోనే మూత బిగించి, వాళ్ల చేతికందని అటక మీద పెట్టించండి. రేడియేటర్లోంచి దించిన పాతదాన్ని గొడ్ల తొట్టి పక్కన పారబోయనివ్వకండి.