పట్టాలో పోలిగాడు, ఆధార్‌లో పోలయ్య

మా తాత డీ-ఫారం పట్టా బిస్కెట్ల డబ్బాలో ఉండేది. ఎకరం ఇరవై సెంట్లు. అందులో ఆయన పేరు 'పోలిగాడు'. కరణం అలాగే రాశాడు. ఆ పుస్తకాల్లో మన పల్లెలవాళ్లకి 'అయ్య' దక్కడం అరుదు. కరణం, మునసబు వ్యవస్థ 1984లో రద్దయింది గానీ, ఆ రాత మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఎందుకంటే ఆధార్‌లో తాత పోలయ్య. 2013లో ఆయన పోయాక, ఈ ఇద్దరూ ఒక్కరేనని నిరూపించడానికి అఫిడవిట్లు, సాక్షులు పట్టుకుని నాన్న ఒక తహసీల్దారు కార్యాలయం చుట్టూ మూడేళ్లు తిరిగాడు. పైగా మేం మరణాన్ని కూడా రిజిస్టర్ చేయించలేదు. 21 రోజుల్లో చెబితే ఊళ్లోనే అయిపోయే పని. ఏడాది దాటితే పైఅధికారి ఉత్తర్వు కావాలి.

భూమి గురించి రాసేటప్పుడు మనం ఆక్రమణ గురించి రాస్తాం. రాయాల్సిందే. అయితే నా పరిశోధన కోసం తిరిగిన పల్లెల్లో ఎక్కువగా కనిపించింది ఇంకొకటి: పట్టాదారు చనిపోయి ఇరవై, ముప్పై ఏళ్లయినా రికార్డు ఆయన పేరు మీదే ఉండిపోవడం. దున్నేది మనవడు, కాగితంలో తాత.

దీనివల్ల ఏం పోతుంది? 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం తీసుకోండి. పేదకిచ్చిన భూమిని కొన్నా, తాకట్టు పెట్టుకున్నా చెల్లదు. నాలుగో సెక్షన్ కింద అధికారులు కొన్నవాడిని ఖాళీ చేయించి, భూమిని అసలు పట్టాదారుకో వారసులకో తిరిగి ఇవ్వాలి. అలా ఇవ్వడం వీలుకాకపోతే ప్రభుత్వమే తీసుకుంటుంది. వారసులెవరో తేల్చే కాగితం లేని కుటుంబానికి ఆ రెండో దారే మిగులుతుంది. అట్రాసిటీ చట్టం మన భూమిని అక్రమంగా ఆక్రమించడాన్నీ, మనల్ని దాంట్లోంచి వెళ్లగొట్టడాన్నీ నేరంగా చూస్తుంది. కానీ స్టేషన్‌లో మొదట అడిగేది పాస్‌బుక్కే.

2023 తర్వాత ఈ ప్రశ్నకి ధర కూడా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో చట్టాన్ని సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన అసైన్డ్ వ్యవసాయ భూమిని అసలు పట్టాదారు, ఆయన లేకపోతే వారసులు అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారాక అక్రమాలు జరిగాయంటూ ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. సవరణ మంచిదా చెడ్డదా అన్న వాదన ఇక్కడ చేయను (నాకైతే భయమే ఎక్కువ). 'వారసులు' అన్న ఆ మాటలో ఎవరెవరు ఉన్నారన్నదే నా ప్రశ్న. తెలంగాణలో అమ్మకం మీద నిషేధం అలాగే ఉంది. అక్కడ ధరణి పోయి, 2025 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజునే, భూభారతి వచ్చింది. పోర్టల్ ఏదైనా విరాసత్ దరఖాస్తులో లేని పేరు పాస్‌బుక్కులోకి రాదు.

మా ఇంటి దరఖాస్తు నింపింది నేనే. ఎం.ఏ. చదువుతున్నాను అప్పుడు. కుటుంబ సభ్యుల గడిలో నాన్న పేరు, బాబాయి పేరు రాశాను. ఇద్దరు మేనత్తల పేర్లు రాయలేదు. "పెళ్లయి వెళ్లిపోయినోళ్లవి ఎందుకు, సంతకాల కోసం తిరగాలి" అన్నాడు ఆఫీసులో ఒకాయన. నాకూ సబబుగానే తోచింది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగమనిషి వీలునామా లేకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికుంటే తల్లి, అందరికీ సమాన వాటా. ఇది తెలిసే చేశాను. ఫ్రీహోల్డ్ వార్త వచ్చాక ఒక బ్రోకరు అడ్వాన్సు పట్టుకుని ఇంటికి వచ్చాడు. ఆ సంగతి తెలిసి పెద్దమేనత్త ఫోన్ చేసింది: "కాగితంలో నేను మీ తాతకి పుట్టలేదా నాయనా?"

తాత వీలునామా రాసి ఉంటే ఈ మాట పడేవాణ్ణి కాదు. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద రాయించి, వేలిముద్రో సంతకమో వేసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించాలి. వాటా వచ్చేవాళ్లు సాక్షులు కాకపోతే మంచిది. రిజిస్టర్ చేయిస్తే తర్వాత తగువు తగ్గుతుంది. అసైన్డ్ భూమికి వీలునామా ఏంటి అని చాలామంది అనుకుంటారు. 1977 చట్టమే 'బదిలీ' అన్న నిర్వచనం నుంచి వీలునామాని మినహాయించింది.

మనలో చాలా ఇళ్లకి ఇంకో చిక్కుంది. సర్టిఫికెట్ ఒకటి చెబుతుంది, సమాధి మీద శిలువ ఇంకొకటి చెబుతుంది. క్రైస్తవులకి వర్తించే 1925 వారసత్వ చట్టంలో లెక్క వేరు: పిల్లలుంటే భార్యకి మూడో వంతు, మిగతాది పిల్లలందరికీ సమానం, తల్లికి ఏమీ రాదు. ఏ చట్టం వర్తిస్తుందన్న తగువు కోర్టుకెక్కితే, వాటాతో పాటు కుల ధ్రువీకరణ కూడా బోనెక్కుతుంది. అన్నదమ్ములే ఒకరినొకరు ఆ మాటతో బెదిరించుకోవడం రెండు ఊళ్లలో విన్నాను. ఇలాంటి ఇళ్లకి వీలునామా ఇంకా ఎక్కువ అవసరం. అది ఉంటే వాటాల లెక్క ఏ చట్టంలో వెతకాలన్న వాదనే చాలావరకు రాదు.

బ్రోకరు అడ్వాన్సు తిప్పి పంపాం. మేనత్తల పేర్లు చేర్చమని నాన్న, బాబాయి సంతకాలతో అర్జీ పెట్టాం. అది ఇంకా పెండింగులోనే ఉంది. నాన్నతో వీలునామా మాట ఎత్తితే మాత్రం, "నేనింకా బతికే ఉన్నానుగా" అని లేచి వెళ్లిపోతాడు.