వనితావిశేషములు: గుఱి తప్పియు గెలిచిన తల్లి

బిడ్డలు కలిగిన పిమ్మట స్త్రీకి ఆటపాటలు ముగిసినట్లే యని పెద్దలనుట మన మెఱుఁగనిది కాదు. రష్యాదేశమున నొక తల్లి యీ మాటను వట్టిమాట గావించెను. ఆమె పేరు అన్ఫీసా రెజ్త్సోవా.

ఆమె 1964వ సంవత్సరము డిసెంబరు మాసమున వ్లదీమిర్ ప్రాంతమందు జన్మించెను. పాదములకు స్కీలనెడు పొడుగుపలకలు తగిలించుకొని, చేతఁ గఱ్ఱలు పూని, మంచుపైఁ బరుగిడుట ఆమె తొలివిద్య. 1988లో కెనడాయందలి కాల్గరీ నగరమున జరిగిన శీతకాలపు ఒలింపిక్ క్రీడలలో సోవియట్ జట్టుతోఁ గూడి స్వర్ణపతకమును, 20 కిలోమీటర్ల పందెమున రజతపతకమును బడసెను. మఱుసటి యేఁడామెకు కుమార్తె కలిగెను.

అటుపిమ్మట నామె విశ్రమింపలేదు. అంతకంటెఁ గఠినమైన బయాథ్లాన్ అను క్రీడను జేపట్టెను. ఇందు మూఁడున్నర కిలోగ్రాములకుఁ దక్కువగాని తుపాకిని వీపున మోయుచు మంచుపైఁ బరుగెత్తి, నడుమ నాఁగి, 50 మీటర్ల దూరమందలి చిన్ని గుఱులను గొట్టవలెను. పరుగుచే గుండె యదరుచుండఁగా చేయి యదరకుండ నిలుపుటయే యిందలి కష్టము. పందెమునుబట్టి తప్పిన గుండొక్కింటికి 150 మీటర్ల చుట్టొకటి యదనముగఁ దిరుగవలసియుండును.

పురుషులకు 1960 నుండియు ఒలింపిక్ క్రీడలందున్న యీ పందెము స్త్రీలకు 1992లోఁగాని లభింపలేదు. అప్పటికి సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమై రెండు మాసములైన నిండలేదు. ఫ్రాన్సుదేశమందలి ఆల్బెర్‌విల్ క్రీడలలో 7.5 కిలోమీటర్ల పందెమున రెజ్త్సోవా పది గుండ్లలో మూఁడు తప్పెను. ఆమె వెనుక నిలిచిన యిరువురును రెండేసి మాత్రమే తప్పిరి. అయినను ఆమె మూఁడు చుట్లును దిరిగివచ్చి, జర్మనీ వనితయగు ఆంట్యె మిజెర్స్కీకంటె సుమారు 16 సెకనులు ముందుగ గమ్యము చేరెను! స్త్రీల బయాథ్లానునందలి మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణ మిట్లొక తల్లికి దక్కెను. స్కీపరుగునందును బయాథ్లానునందును ఒలింపిక్ స్వర్ణము గెలిచిన తొలి వనిత యామెయే. 1994లో నార్వేయందలి లిల్లెహామర్‌లో జట్టుపందెమున మఱియొక స్వర్ణము గైకొనెను.

ఆమె కుమార్తెలలో దార్య, క్రిస్టీనా యను నిరువురు తల్లి విద్యనే యభ్యసించిరి. క్రిస్టీనా 2022లో బీజింగు ఒలింపిక్ క్రీడలందు జట్టుపందెములలో రజతమును, కాంస్యమును బడసెను. తల్లి ఆ సంతోషమును గన్నులారఁ జూచినది. 2023 అక్టోబరులో, 58 యేండ్ల వయస్సున, ఆమె పరమపదించెను.

సోదరీమణులారా! ఆమె గెలిచిన పతకములకంటె, తిరిగిన యా మూఁడు చుట్లే నాకు మిన్నగఁ దోఁచుచున్నవి. గుఱి తప్పినందుకు వగచుచు నిలిచియుండినచో నా 16 సెకనులు నచ్చటనే కరగిపోయెడివి. సంసారమున మనకును గుఱులు తప్పుచునే యుండును. తప్పిన దానికిఁ జుట్టు తిరిగి, మరల బాటఁ బట్టుటయే మనకుఁ గర్తవ్యము.