భయానికి చికిత్స కూడా మన హక్కే

మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సు ఎక్కి, టికెట్టు కూడా తీసుకుని, బస్సు కదలకముందే దిగిపోయిన మనిషిని నేను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, పదవీ విరమణ పొంది అప్పటికి ఏడాది కూడా కాలేదు. సీటులో కూర్చోగానే గుండె దడదడ కొట్టుకునేది. అరచేతులు చెమర్చేవి. గొంతు ఎవరో నులుముతున్నట్లుండేది. ఈ బస్సులోనే ప్రాణం పోతుందన్న నమ్మకం కలిగేది. దిగిన పది నిమిషాలకు అంతా సర్దుకునేది. ఆ ఊరటే నన్ను మరింత ముంచిందని తరువాత తెలిసింది.

ఈ సంగతి రాయడానికి నాకు చాలా కాలం పట్టింది. మస్జిద్ కమిటీలో ఉన్నవాడిని, నలుగురి తగాదాలు తీర్చేవాడిని, పింఛను దరఖాస్తులు రాసిపెట్టేవాడిని. అలాంటివాడు బస్సుకు భయపడుతున్నాడంటే జనం ఏమనుకుంటారు? ఇ.సి.జి. తీయించుకున్నాను, ఎకో తీయించుకున్నాను, గ్యాసు మాత్రలు మింగాను. గుండె బాగుందని చెప్పిన వైద్యులే గానీ, బాగున్న గుండె ఎందుకలా కొట్టుకుంటోందో చెప్పినవారు లేరు. ఇంట్లోవాళ్లు తావీజు కట్టించారు, కట్టుకున్నాను. చివరకు కంటి పరీక్షకని అందరికీ చెప్పి, మా అబ్బాయి పక్కన ఉండగా కారులో బెంగళూరు వెళ్లి ఒక మనోవైద్య నిపుణురాలి ఎదుట కూర్చున్నాను. ఆ అబద్ధమే నా జబ్బు కంటే ఎక్కువ సిగ్గుపడవలసిన విషయమని ఇప్పుడనిపిస్తుంది.

మొదట రక్త పరీక్షలు చేయించారు, థైరాయిడ్ కూడా చూశారు. తరువాత నేను ఊహించినట్లు మాత్రల చీటీ రాయలేదు, ఒక నోటు పుస్తకం తెచ్చుకోమన్నారు. పేజీకి ఎడమవైపు నా భయం, కుడివైపు దానికి ఆధారం రాయాలి. నాకు నవ్వొచ్చింది. జీవితమంతా నోట్ ఫైళ్లు రాసినవాడికి ఇది కొత్త పనా? కానీ మూడు పేజీలు నిండేసరికి నవ్వు పోయింది. ఎడమవైపు ‘ఈసారి తప్పకుండా చస్తాను’ అని పదిహేను చోట్ల ఉంది. కుడివైపు ఒక్క ఆధారమూ లేదు. ఏ ఆధారమూ లేని అర్జీని ఇన్నాళ్లు నేనే మంజూరు చేస్తూ వచ్చాను.

ఆ పద్ధతి వెనుక ఉన్న విషయం సులభమైనదే. ప్రమాదం ఎదురైతే పారిపోవడానికో, ఎదిరించడానికో శరీరం సిద్ధమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది. ప్రమాదం లేనప్పుడు కూడా ఈ గంట మోగితే, మోగిన గంటనే మనం ప్రమాదమని పొరబడతాం. ఆ పొరపాటుతో దడ ఇంకా హెచ్చుతుంది. పారిపోతే క్షణంలో ఊరట కలుగుతుంది, కానీ పారిపోవడం వల్లనే బతికామని శరీరం నేర్చుకుంటుంది. పారిపోకుండా కూర్చుంటే దడ ఒక ఎత్తుకు చేరి దానంతట అదే దిగుతుంది. ఆ దిగడాన్ని మనిషి స్వయంగా చూడాలి. ఎన్ని ధైర్యవచనాలు చెప్పినా అది చెవికెక్కదు.

అందుకే నాకు మెట్లు కట్టి ఇచ్చారు. మొదటి వారం ఆగి ఉన్న బస్సులో కూర్చోవడం, తరువాత ఒక్క స్టాపు, ఆపై పుంగనూరు. పద్నాలుగో వారంలో పలమనేరు, వి.కోట మీదుగా ఒంటరిగా కుప్పం వెళ్లాను. దారిలో రెండుసార్లు దడ వచ్చింది, దానంతట అదే పోయింది. కుప్పంలో దిగి చాయ్ తాగి, చిన్నపిల్లాడిలా ఇంటికి ఫోన్ చేశాను.

ఇది పడమటి దేశాల విద్య, మనకెందుకు అనేవారున్నారు. వారికి ఒక పేరు గుర్తుచేస్తాను. తొమ్మిదో శతాబ్దంలో బల్ఖ్‌లో పుట్టి 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ, దేహ పోషణతో పాటు మనసు పోషణ గురించి ఒక గ్రంథమే రాశారు. కోపం, భయం, దుఃఖం, విడవని దురాలోచనలు అని మనోవ్యాధులను వేరు చేసి చూశారు. ఆరోగ్యవంతుడు అవసరానికి మందులు దగ్గర ఉంచుకున్నట్లే, మనసు కలత చెందే వేళకు ఉపయోగపడే ఆలోచనలను ముందుగానే కూడబెట్టుకోవాలన్నది ఆయన సలహా. నా నోటు పుస్తకం వెయ్యేళ్ల నాటి ముస్లిం వైద్యుడికి వింతగా తోచి ఉండేది కాదు.

నేను దుఆకు వ్యతిరేకిని కాను. నమాజు నాకు ఎంత నెమ్మదినిచ్చిందో నాకే తెలుసు. అయితే నమాజునే జబ్బు ఆక్రమించిన సందర్భాలూ చూశాను. పుంగనూరులో ఒక యువకుడు వుజూ చేయడానికి ముప్పావుగంట తీసుకునేవాడు. కడిగినచోటనే కడిగి చేతులు పగిలాయి. వస్వాస్ అన్నారు, ఈమాన్ తక్కువన్నారు. నిజానికి అతనికి భక్తి తక్కువై కాదు, అనుమానం తీరక ఆ బాధ. మూడుసార్లు కడిగి, అనుమానం మిగిలి ఉండగానే లేచి వెళ్లడం అతనికిచ్చిన చికిత్స. ఇమాం సాహెబ్ మూడుసార్లతో చాలని పక్కన నిలబడి చెప్పడం ఆ చికిత్సకు బలమైంది. ఇప్పుడతడు జమాఅత్‌తో నిలబడుతున్నాడు.

దర్గాల విషయంలోనూ ఇదే మాట. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా ఆశ్రయం కోరి వచ్చిన మనోరోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టివేయబడిన 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. సుప్రీంకోర్టు స్వయంగా విచారణకు తీసుకుంది. ఆ తరువాత గుజరాత్‌లోని ఉనావా మీరా దాతార్ దర్గాలో మరో దారి తెరిచారు. ఒక స్వచ్ఛంద సంస్థ, ప్రభుత్వం కలిసి దర్గా ఆవరణలోనే మనోవైద్యుడిని కూర్చోబెట్టాయి. ముజావర్లే దుఆ చేసి, ఆపై రోగిని వైద్యుడి గదికి పంపుతారు. దవా, దుఆ కలిపి నడిచే ఈ ఏర్పాటు మన ఉరుసులు జరిగే దర్గాలకు ఎందుకు రాకూడదు?

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన సమాజంలోని ప్రతి భయమూ జబ్బు కాదు. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక ఎందరో పాత కాగితాల సంచులతో నా ఇంటికొచ్చారు. ఓటరు కార్డులో ‘సాహెబ్’, రేషన్ కార్డులో ‘సాబ్’, బడి రికార్డులో రెండూ లేవు. ఆ మనుషుల నిద్రలేమికి కారణం వారి మెదడులో లేదు, వారి చేతిలోని సంచిలో ఉంది. మతం పేరు విని ఇల్లు అద్దెకివ్వననే యజమానిని ఏ కౌన్సెలింగూ మార్చదు, అద్దెకు అడిగినవాడిని ఊపిరి నెమ్మదిగా పీల్చమనడం అవమానం. అన్యాయానికి అర్జీ పెట్టాలి, కోర్టుకు వెళ్లాలి, సంఘంగా నిలబడాలి. కానీ ఏళ్ల తరబడి భయం నానిన దేహం, కాగితాలు సరిచేసినంత మాత్రాన కుదుటపడదు. పేరు దిద్దించి ఇచ్చిన తరువాత కూడా, తలుపు తట్టిన చప్పుడుకు ఉలిక్కిపడే ఒక ముసలామె నాకు తెలుసు. ఆమెకు రెండూ కావాలి.

ఆ రెండోది దయాదానం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షను ప్రకారం, ప్రభుత్వ మనోవైద్య సేవలు పొందే హక్కు ప్రతి వ్యక్తికీ ఉంది. మతం కారణంగా వివక్ష చూపరాదని అందులోనే రాసి ఉంది. 95వ సెక్షను మనోరోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. శరీర వ్యాధులకిచ్చినట్లే మనోవ్యాధులకూ బీమా వర్తించాలని 21వ సెక్షను చెబుతోంది. నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్లు తేలింది. వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదనీ తేలింది. పొరుగునే ఉన్న బళ్లారి జిల్లాలో 1980లలోనే, సాధారణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు శిక్షణనిస్తే ఈ సేవ పల్లెలకు చేరుతుందని నిమ్హాన్స్ నిరూపించింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆ నమూనాతోనే 1996లో మొదలైంది.

మన కోరిక స్పష్టంగా ఉండాలి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రభుత్వ ఆసుపత్రులలో వారానికి నిర్ణీత దినాన కౌన్సెలర్ ఉండాలి, వారిలో ఉర్దూ మాట్లాడేవారు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూ రెండో అధికార భాష. ఆ హోదా కార్యాలయం బోర్డు మీద కంటే ఈ గదిలో ఎక్కువ పనికొస్తుంది. పంటినొప్పిని ఏ భాషలోనైనా చూపించవచ్చు, గుండెలోని గాబరాను మాత్రం అమ్మ దగ్గర నేర్చిన మాటలోనే చెప్పగలం. మహిళలకు మహిళా కౌన్సెలరు కావాలని వేరే చెప్పనక్కరలేదు. కుప్పం నుంచి బెంగళూరు రైలెక్కి పనికి పోయే కొడుకు ఫోన్ ఎత్తకపోతే ఒళ్లు వణికే తల్లి, పరాయి మగవాడి ఎదుట ఆ మాట చెప్పదు.

మన ఊరి శివార్లలోని ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి 1915లో మొదలైనది. క్షయ ఉన్న ఇంటితో వియ్యమందడానికి జంకిన కాలం మా పెద్దలకు తెలుసు. ఇప్పుడు క్షయ మాత్రలు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా తెచ్చుకుని అరుగు మీద కూర్చుని వేసుకుంటున్నారు. మనోవ్యాధి ఇంకా ఆ పాతకాలంలోనే ఉంది. సంబంధం తప్పిపోతుందని ఆడపిల్ల దడను దాచిపెట్టే ఇళ్లు నా వీధిలోనే మూడున్నాయి.

ఆసుపత్రిలో ఏర్పాటు జరిగేవరకు చేతిలో ఉన్నది టెలి మానస్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉచిత ఫోన్ సేవ ఇది, నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఆ నంబరును పెద్ద అక్షరాలతో తెలుగులో, ఉర్దూలో రాయించి, మస్జిద్ నోటీసు బోర్డు మీద నమాజు వేళల పట్టిక పక్కన అతికిద్దామని మా కమిటీలో ప్రతిపాదించాను. ‘మస్జిద్‌కు వచ్చేవాళ్లు పిచ్చివాళ్లా?’ అని ఇద్దరు అడ్డు చెప్పారు. నా బస్సు కథ అప్పుడే మొదటిసారి బయటపెట్టాను. ఒకరు మౌనంగా లేచి వెళ్లారు, ఒకరు మెట్ల దగ్గర నన్ను ఆపి ఆ నంబరు మళ్లీ చెప్పమన్నారు. కాగితం ఇంకా నా జేబులోనే ఉంది. వచ్చే జుమా తరువాత మళ్లీ అడుగుతాను.