వేలెత్తి చూపుట – వేలు మోపుట

మానవ విజ్ఞానమంతా రెండు చిన్న ప్రశ్నల మీద నిలిచి ఉన్నది. "ఎందువల్ల?" అనేది ఒకటి, "ఎక్కడ?" అనేది రెండవది. వీటికి ఉజ్జాయింపుగా సమాధానం చెప్పేవారు లోకంలో కోకొల్లలు. కచ్చితంగా చెప్పగలవారు అరుదు. ఇంగ్లీషు భాషలో ఈ కచ్చితత్వాన్ని తెలిపే క్రియాపదాల కుటుంబం ఒకటి కలదు. లొకేట్, ట్రేస్, డయాగ్నోస్, పిన్‌పాయింట్ మొదలైనవి ఆ కుటుంబంలోనివి. మన విద్యార్థులు వీటన్నిటి ఎదుట "కనుగొను" అనే ఒక్క మాట రాసుకొని తృప్తి పడుతున్నారు. ఈ పదాల తారతమ్యాన్ని శ్రద్ధగా నేర్వవలెననీ, అది కేవలం పరీక్షకు సంబంధించిన విషయం కాదనీ, ధర్మాధర్మాలకు సంబంధించిన విషయమనీ మా అభిప్రాయం.

మొదట పదాలను పరిశీలిద్దాం. ఒక పేటలో కుళాయి నీరు మురికిగా వస్తున్నదనుకొందాం. చెడిన గొట్టం ఏ వీధిలో ఉన్నదో తెలిసికొంటే అది లొకేట్ చేయుట. మురికి జాడ పట్టుకొని ఒక్కొక్క కుళాయినీ పరీక్షిస్తూ వెనుకకు నడిస్తే అది ట్రేస్ చేయుట. గొట్టం తుప్పు పట్టినదా, అతుకు వదిలినదా, పక్కనున్న మురుగు కాలువ అందులోకి ఊరుతున్నదా అని విడదీసి నిర్ణయిస్తే అది డయాగ్నోస్ చేయుట. గ్రీకు మూలంలో ఆ మాటకు "వేరుపరచి తెలిసికొనుట" అనే అర్థమున్నది. ఇక "ఫలానా ఇంటి ముందు, ఫలానా అతుకు దగ్గర" అని గునపం దించవలసిన చోటు చూపితే అది పిన్‌పాయింట్ చేయుట. పటం మీద గుండుసూది గుచ్చినట్లు, ఈ చోటే గాని పక్క చోటు కాదని చెప్పుట అన్నమాట.

భూకంప శాస్త్రంలో ఇట్టి తారతమ్యమే ఉన్నది. భూగర్భంలో శిల చీలిక మొదలైన స్థానం ఫోకస్. దానికి సరిగ్గా పైన, భూమి ఉపరితలం మీద ఉన్న బిందువు ఎపిసెంటర్. మన పత్రికలు తరచుగా రెండింటినీ "భూకంప కేంద్రం" అనే అంటాయి. కంటికి కనిపించే చోటు ఒకటి, కదలిక పుట్టిన చోటు మరొకటి అన్న భేదం అక్కడ మరుగున పడిపోతున్నది.

అయితే తెలుగు, ఉర్దూ భాషలలో ఇట్టి పదసంపద లేదని ఎవరైనా అంటే మేము అంగీకరించము. ఉర్దూలో "నిషాన్‌దిహీ" అంటే గుర్తు పెట్టి చూపుట. రోగ నిర్ణయాన్ని "తష్‌ఖీస్" అంటారు. వ్యక్తి అనే అర్థం గల "షఖ్స్" దానికి బంధువు. గుంపులో నుంచి ఒక్కదాన్ని వేరుచేసి పోల్చుకొనుట అందులోని భావం. కారణాన్ని తెలిపే "సబబ్" అనే అరబ్బీ పదానికి తాడు అనే ప్రాచీనార్థం కలదు. చిత్రమేమంటే, రోగ కారణాన్ని తెలిపే "నిదానం" అనే సంస్కృత పదానికి కూడా వేదభాషలో తాడు, పలుపు అనే అర్థాలే ఉన్నవి. తాడు కొస పట్టుకొని కార్యం నుంచి కారణం వద్దకు పోవుట రెండు భాషలవారికీ తోచిన పోలిక. తెలుగువారు మరొక అడుగు ముందుకు వేశారు. మనకు నిదానమంటే తొందరపాటు లేకపోవుట కూడా. కారణం వెదికేవాడు తొందరపడరాదని మన భాషే హెచ్చరిస్తున్నది.

ఈ హెచ్చరికను పాటించినవాడు లండన్ వైద్యుడు జాన్ స్నో. 1854వ సంవత్సరం ఆగస్టు చివర సోహో ప్రాంతంలో కలరా చెలరేగి, పది దినాలలో 500 మందికి పైగా మరణించారు. చెడుగాలి వల్లనే కలరా వస్తుందని ఆనాటి పెద్దల విశ్వాసం. స్నో మరణించినవారి ఇళ్లను విచారించి, బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు వద్దకు జాడ తీశాడు. అంతటితో ఆగలేదు. తన మాటకు ఎదురు నిలిచే సాక్ష్యాలను కూడా పిలిచి ప్రశ్నించాడు. సమీపంలోని అనాథశాలలో 535 మంది ఉండగా అయిదుగురే ఎందుకు మరణించారు? వారికి సొంత బావి ఉన్నది. దూరాన హాంప్‌స్టెడ్‌లో నివసించే వృద్ధురాలు ఎందుకు మరణించింది? రుచి మరిగి ఆ పంపు నీటినే తెప్పించుకొని తాగింది. ఈ విధంగా చిక్కులు విడిపోయాయి. సెప్టెంబరు 8న ఆ పంపు పిడిని తొలగించారు. అప్పటికే వ్యాధి తగ్గుముఖం పట్టింది. అయినా "ఎక్కడ?" అనే ప్రశ్నకు వచ్చిన సరియైన సమాధానం "ఎందువల్ల?" అనే ప్రశ్నకు దారి చూపింది.

రెండవ ఉదాహరణ మన ముంగిటిదే. "మలేరియా" అనే పేరుకు ఇటాలియన్ భాషలో చెడుగాలి అని అర్థం. పేరులోనే పొరపాటు కారణం స్థిరపడిపోయింది. 1880లో లావెరాన్ అల్జీరియాలో రోగి రక్తంలో సూక్ష్మ పరాన్నజీవిని చూశాడు. అది మనిషిలోకి వచ్చే దారి మాత్రం తెలియలేదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో, రోగి రక్తం తాగిన అనాఫిలిస్ దోమ జీర్ణకోశపు గోడలో ఆ జీవి జాడను కనుగొన్నాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగి దోమకాటుకు తన దేహాన్ని అప్పగించకపోతే ఆ శోధన సాగేది కాదు. చెడుగాలిని కట్టడి చేయుట ఎవరి తరం? నిలువ నీటిని తొలగించుట, దోమతెర కట్టుకొనుట మాత్రం అందరికీ సాధ్యం. కారణం కచ్చితమైనప్పుడే కర్తవ్యం కచ్చితమవుతుంది.

కారణం కచ్చితం కానప్పుడు ఏమవుతుంది? అత్త మీది కోపం దుత్త మీద చూపినట్లవుతుంది. 1348 ప్రాంతంలో ఐరోపాను ప్లేగు ముంచెత్తినప్పుడు కారణం ఎవరికీ తెలియదు. యూదులు బావులలో విషం కలిపారని పుకారు పుట్టింది. 1349 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్ నగరంలో యూదులను సజీవ దహనం చేశారు. అప్పటికి ఆ నగరంలో ప్లేగు ఇంకా ప్రవేశించనే లేదు. ప్లేగు క్రిమిని 1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ గుర్తించాడు. ఎలుకల ఒంటి మీది ఫ్లీలు అనే కీటకాలు దాన్ని వ్యాపింపజేస్తాయని 1898లో కరాచీలో సిమోండ్ నిరూపించాడు. ఆ బూడిదకు ఈ సత్యం చేరడానికి సుమారు 550 సంవత్సరాలు పట్టింది. "ఎందువల్ల?" అనే ప్రశ్నకు సమాధానం లేనప్పుడు లోకం "ఎవరివల్ల?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు సమాధానం ఎప్పుడూ బలహీనుని గుమ్మం ముందే దొరుకుతుంది.

మన న్యాయశాస్త్రకారులు దీనికి చక్కని దృష్టాంతం చెప్పారు. కుండకు మట్టి కారణం, కుమ్మరి కారణం, సారె కారణం. మట్టి మోసుకొచ్చిన గాడిద మాత్రం కారణం కాదు. దానిని వారు "అన్యథాసిద్ధం" అన్నారు. ఆ గాడిద కాకపోతే మరొక గాడిద, లేదా బండి మోసేది. ఏదైనా ఆపద వచ్చినప్పుడు మనం నిందిస్తున్నది కుమ్మరినా, గాడిదనా అని ఒక్క నిమిషం యోచించుట అందరికీ మేలు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ప్రతి విషయానికీ ఒకే కారణం ఉంటుందా? ఉండదు. సామ్రాజ్యాల పతనం చేతిపంపు కథ కాదు. అయినా "అనేక కారణాలవల్ల పతనమైనది" అని రాసి కలం దించుట సమాధానం కాదు. ఆ అనేకంలో ముఖ్యమేది, గౌణమేది, ముందేది, వెనుకేది అని విడదీయుట చరిత్ర విద్యార్థి ధర్మం. అదే సమయంలో, పరీక్షించకుండా గుచ్చిన గుండుసూది, గుచ్చని దాని కంటె ప్రమాదకరమని మరువరాదు.

ఇంగ్లీషువారు ఒక విషయాన్ని కచ్చితంగా గుర్తించుటను దాని మీద వేలు మోపుటగా చెబుతారు. మనకు వేలెత్తి చూపుట అంటే నిందించుట. ఎత్తిన వేలు దూరం నుంచి గుంపు మొత్తాన్ని చూపుతుంది. మోపిన వేలు దగ్గరకు పోయి ఒక్క చోటును తాకుతుంది. మొదటిదానికి కోపం చాలు. రెండవదానికి నడక కావాలి, విచారణ కావాలి, తన ఊహ తప్పని తేలితే మార్చుకొనే ధైర్యం కావాలి. మూడు భాషల నీడలో చదువుకొంటున్న మన విద్యార్థులు ఏ భాషలో మాట్లాడినా, వేలెత్తే ముందు వేలు మోపుట నేర్తురు గాక అని మా ఆకాంక్ష.