వాన లెక్క సరే, పరిహారం ఎవరి ఖాతాకి?

కేంద్ర వ్యవసాయ శాఖ 2023 జులైలో విండ్స్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. మండల స్థాయిలో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం, పంచాయతీ స్థాయిలో ఆటోమేటిక్ వర్షమాపకం దాని లక్ష్యం. తెలంగాణలో ఇప్పటికే వెయ్యికి పైగా కేంద్రాలున్నాయి.

మంచి పనే. వాతావరణ ఆధారిత బీమాలో సాధారణంగా పొలం చూడరు, నిర్ణయించిన కేంద్రంలో నమోదైన వానను బట్టే పరిహారం లెక్కగడతారు. ఊరికి ఒక దిక్కున కురిసిన వాన మరో దిక్కున కురవదని రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. కేంద్రం పొలానికి దగ్గరుంటేనే లెక్కకు విలువ. (గరాటులో ఆకులు అడ్డుపడితే వాన కురిసినా సున్నా చూపిస్తుంది, అది వేరే గొడవ.)

కానీ ఆ డబ్బు ఎవరికి చేరుతుంది? దళితవాడల్లో సాగుచేసే చాలామందిది కౌలు భూమి. ఆంధ్రప్రదేశ్‌ 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం గడువు 11 నెలలు. దానికీ భూయజమాని ఒప్పుకోవాలి. సంతకం పెడితే భూమి పోతుందని ఆసామి భయం. పత్రం లేకపోతే వర్షమాపకం ఎంత లోటు చూపినా ఎండిన పంట కౌలుదారుది, పరిహారం పట్టాదారుది.

కూలీలకు ఆ బీమా కూడా లేదు. కేంద్రంలో ఉష్ణోగ్రతను నీడలో, గాలి ఆడేచోట కొలుస్తారు. మిరప చేలో వంగి కాయ కోసే ఆడమనిషి వీపుకు తగిలే వేడి అందులో రాదు. వడగాడ్పు హెచ్చరిక ఫోనుకు వస్తుంది, పని మానితే కూలి పోతుంది.

యంత్రాలకు టెండర్లు పిలిచేటప్పుడే కౌలుదారు ఖాతా సంగతి, హెచ్చరిక ఉన్న రోజు కూలి సంగతి కూడా ప్రభుత్వాలు తేల్చాలి.