మామిడాకు వెలుగుతది గనీ మందు గాదు

మొన్న మా ఊరి వాట్సాప్ గ్రూపుల మెసేజ్ వచ్చింది: 'మామిడాకుల క్యాన్సర్ మందు ఉన్నదని ఐఐటీ తేల్చింది, పొద్దుగాల్నే కషాయం తాగుండ్రి' అని. పంపింది మా మేనల్లుడే, డిగ్రీ సదువుతున్నడు. కోపం రాలే, భయమైంది. మా చిన్నమ్మ రొమ్ముల గడ్డ పెట్టుకొని ఎనిమిది నెలలు ఆకుపసరు మీదనే ఉండె. పట్నం తీస్కపోయేసరికి చంకల దాంక పాకింది.

ఆ మెసేజ్ మొత్తం అబద్ధమైతే నయముండు. 2017ల ఐఐటీ బాంబే వాళ్లు మామిడాకులను వేడి జేసి, ఎర్రగ వెలిగే కార్బన్ రేణువులు తీసిన మాట నిజం. ఇసొంటివి పది నానోమీటర్ల లోపే ఉంటయి. ఒక్క మిల్లీమీటర్‌ను పది లక్షల ముక్కలు చేస్తే ఒక నానోమీటర్. వీటి మీద లైటు కొడితే ఇంకో రంగుల వెలుగుతయి. కణాల్లోకి పోతే మైక్రోస్కోపుల కనపడతయి. ఇంతకుముందు వాడిన క్వాంటం డాట్లల్ల శానా వాటిల కాడ్మియం ఉంటది, అది విషం. అందుకే ఆకుల దిక్కు చూసిండ్రు.

ఎరుపే ఎందుకంటే, రాత్రిపూట టార్చిలైటు మీద అరచెయ్యి పెట్టి సూడుండ్రి. వేళ్ల నుంచి బయటికొచ్చేది ఎర్ర వెలుగే. నీలం కండల్నే ఆగిపోతది. ఆకుల నుంచి తీసే రేణువులు ఎక్కువ నీలంగనే వెలుగుతయి, గదీ చిక్కు.

ఇగ జెల్ సంగతి. నానిన సబ్జాగింజ చుట్టూ జిగురుంటది సూడు, అట్ల నీళ్లు పట్టుకునే పదార్థం. రేణువులను దాంట్ల కలిపి గడ్డ కాడ పెడితే తొందరగ చెదిరిపోకుండ నిలుస్తయని ఆశ. గడ్డ యాడిదాంక ఉన్నదో కనపడాలని ఈ పనంత. ఎక్కువ శాతం ఇంక ల్యాబు గిన్నెల్ల, ఎలుకల్లనే నడుస్తున్నది. అంత కాగినంక ఆకు ఆకుగ మిగలది. పొయ్యి మీద కషాయం కాస్తే ఆ రేణువులూ రావు, గడ్డా కరగది.

పరిశోధన వద్దంటలేను, కావాలె. గనీ మా చిన్నమ్మ గడ్డ చేతికే తగిలింది, దానికి నానో వెలుగు అక్కరలేకుండె. ముప్పై దాటినోళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఐదేండ్లకోపారి పరీక్ష చేయాలని సర్కారు కార్యక్రమమే ఉన్నది. మా వాడకట్టుల అడిగితే ఒక్కామెకు గుడ తెల్వదు.

మేనల్లునికి ఫోన్ జేసిన. మెసేజ్ తీసేసిండు. "మీ అమ్మను ఎన్నడన్న చూపిచ్చినవారా?" అన్న. సప్పుడు జెయ్యలే. వాళ్లమ్మ అంటే మా అక్కనే. నేను గుడ ఎన్నడు అడగలే.